ట్రాలీ లాగేటప్పుడు పికప్ ఇంజన్, గేర్‌బాక్స్ హీటెక్కకుండా ఎలా చూసుకోవాలి

ఎండలు ముదిరాయంటే అందరూ అడిగేది ఇదే. "ఖాళీ బండి బానే ఉంటుందన్నా, జనరేటర్ ట్రాలీ తగిలిస్తే చాలు, హీటు ముల్లు పైకి పోతోంది. రేడియేటర్ మార్చేయాలా?" ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలకు జనరేటర్లు చేరవేసేవాళ్లు, చీమకుర్తి క్వారీలకు కంప్రెసర్లు లాగేవాళ్లు, గిద్దలూరు దాటి ఘాట్ ఎక్కేవాళ్లు, అందరిదీ ఇదే గొడవ. చాలాసార్లు రేడియేటర్ మార్చక్కర్లేదు.

థియరీ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇంజన్లో పుట్టిన వేడి కూలెంట్‌లోకి, అంటే ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య తిరిగే ద్రవంలోకి, అక్కడి నుంచి గాలిలోకి పోవాలి. ఈ దారిలో చిన్న అడ్డు ఉన్నా ఖాళీ బండిలో బయటపడదు. ట్రాలీ తగిలించి వేడి పెంచినప్పుడే బయటపడుతుంది. కాబట్టి ట్రాలీ లాగేటప్పుడు మాత్రమే హీటెక్కే బండి కొత్తగా పాడైనట్టు కాదు. ఎప్పటి నుంచో ఉన్న అడ్డు ఇప్పుడు కనిపించిందన్నమాట. దాన్ని వెతికి తీసేయడమే పని.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం. కూలెంట్ రకం, గేర్ ఆయిల్ గ్రేడ్, ఎంత బరువు లాగొచ్చు అనేవి అందులోనే ఉంటాయి. పోగొట్టుకుంటే కంపెనీ వెబ్‌సైట్‌లో దొరకొచ్చు.
- ఆ పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్, బ్యాటరీ షాపుల్లో క్యాన్లలో అమ్మే డిస్టిల్డ్ వాటర్.
- దూరం నుంచే వేడి చూపించే ఐఆర్ గన్. మన పనికి తక్కువ ధరది చాలు.
- ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసి, బండి కంప్యూటర్లోని అంకెలు చూపించే ఓబీడీ స్కానర్. 2020 తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో కూలెంట్ టెంపరేచర్ అంకెల్లోనే చూపిస్తుంది. మరీ పాత బండి అయితే ఐఆర్ గన్‌తోనే సరిపెట్టుకోవాలి.
- టైరు గాలి చూసే గేజ్, చేతి గ్లోవ్స్, మందపాటి గోనెగుడ్డ, టార్చ్.
- బండిలో ఎప్పుడూ ఉండాల్సినవి: అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్, ఒక ఫ్యాన్ బెల్టు, రెండు హోస్ క్లిప్పులు, చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మెలు.

డబ్బులు చూసుకుని ఒక్కటే కొనాలనుకుంటే స్కానర్ కొనండి. డ్యాష్‌బోర్డు ముల్లును అంతగా నమ్మకండి. చాలా బండ్లలో కూలెంట్ 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఎక్కడున్నా ముల్లు నడిమధ్యలోనే నిలబడేలా చేసి పెడతారు. అది కదిలిందంటే పరిస్థితి అప్పటికే ముదిరిందని అర్థం.

1. ముందు ట్రాలీ సంగతి చూడండి

అందరూ బానెట్ ఎత్తుతారు. మీరు మొదట వెనకున్న ట్రాలీ దగ్గరికి నడవండి.

తారురోడ్డు మీద, చదునుగా ఉన్న చోట ట్రాలీని బండి నుంచి విప్పి చేత్తో తొయ్యండి. టన్నున్నర ట్రాలీ అయినా ఇద్దరు మనుషులు తోస్తే కదలాలి. కదలకపోతే బ్రేకు పట్టేసి ఉంటుంది, లేదా బేరింగు ఎండిపోయి ఉంటుంది, లేదా టైర్లలో గాలి ఉండదు. ఆ బిగువంతా మీ ఇంజనే మోస్తోంది. ఉప్పుగాలి తగిలే గుంటల దగ్గర నెలల తరబడి కదలకుండా నిలబడే జనరేటర్ ట్రాలీలకు బ్రేకులు పట్టేయడం మామూలే. సీజన్‌కు ఒకసారి హబ్బులు విప్పి గ్రీజు పెట్టించండి.

తర్వాత బరువు. క్వారీలు, గోడౌన్లు ఉన్న రోడ్ల మీద వేబ్రిడ్జికి కొదవ లేదు. ట్రాలీని విప్పి మొత్తం కాటా మీద పెట్టి ఒకసారి తూయండి. తర్వాత బండికి తగిలించి, ట్రాలీ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలిపి ఇంకోసారి తూయండి. ఈ రెండింటి తేడాయే బండి హుక్కు మీద పడే బరువు. ఒక ఇరుసు ట్రాలీకైతే మొత్తం బరువులో పదో వంతు, కాస్త అటూ ఇటూ ఉండాలి. 1500 కేజీల ట్రాలీకి 150 కేజీలన్నమాట. మరీ తక్కువైతే ట్రాలీ తోక ఊపుతుంది, మరీ ఎక్కువైతే బండి ముందుభాగం తేలిపోతుంది. సరుకు ముందుకో వెనక్కో జరిపితే సరిపోతుంది. హుక్కు మీద పడే ఈ బరువు మీ బండి పేలోడులోకే, అంటే బండి మోయగల బరువులోకే వస్తుందని మరిచిపోకండి. వెనక తొట్టిలో ఫీడు బస్తాలు నింపేసి, దానికితోడు ట్రాలీ కూడా తగిలిస్తే పుస్తకంలో రాసిన పరిమితి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అలాంటప్పుడు ఇక్కడ రాసిందేదీ పనిచేయదు, సరుకు రెండు ట్రిప్పులు చేసుకోవాల్సిందే.

2. గాలి దారి తెరవండి

గ్రిల్ ముందు నిలబడి చూడండి. అదనపు లైట్లు, పెద్ద నంబరు బోర్డు, ఫ్లెక్సీ, బుల్ గార్డు, వీటిలో ఏవైనా ఉంటే తీసేయండి. బుల్ గార్డును కేంద్ర రవాణా శాఖ కూడా 2017లోనే వద్దంది. అయ్యప్ప మాలల సీజన్లో కొన్ని బండ్లకు గ్రిల్ నిండా బంతిపూల దండలే. స్వామికి కోపం రాదు గానీ ఇంజన్‌కు గాలి అందదు. దండలు అద్దం మీదకు మార్చండి.

ఇప్పుడు రేడియేటర్ జాలీ. దాని ముందు ఏసీ కండెన్సర్, టర్బో బండి అయితే ఇంటర్‌కూలర్ కూడా ఉంటాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ తళతళలాడుతుంటుంది. అసలు చెత్త దానికీ రేడియేటర్‌కూ మధ్య సందులో ఇరుక్కుని ఉంటుంది. టార్చ్ వేసి పక్క నుంచి చూడండి. వరికోతల సీజన్ అయ్యాక ఆ సందులో పొట్టు, గడ్డి ముక్కలు పేరుకుని కనిపిస్తాయి. చీమకుర్తి వైపు తిరిగే బండి అయితే రాతిపొడి, దాని మీద నూనె జిడ్డు పడి గట్టి పొరలా తయారవుతుంది.

కడిగే పద్ధతి ఇలా:

- ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి.
- నీళ్లు ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టండి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికే పోతుంది.
- మామూలు గార్డెన్ పైపు ధార చాలు. వాటర్ సర్వీసింగ్ షాపుల ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొడితే పల్చటి రెక్కలు ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి. వాలిన రెక్కల్లోంచి గాలి దూరదు.
- జిడ్డు ఉంటే సబ్బునీళ్లు చల్లి పది నిమిషాలు నాననిచ్చి కడగండి.

సముద్రం పక్కన మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల తిరిగే బండిని ఎటూ వారానికోసారి మంచినీళ్లతో కడగాలి. లేకపోతే ఉప్పుకు అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి.

ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ డొప్ప ఉందో లేదో కూడా చూడండి. రేడియేటర్ రిపేరుకు విప్పినప్పుడు విరిగిందనో, అడ్డమనో పక్కన పడేసిన బండ్లు బోలెడు ఉంటాయి. అది లేకపోతే ఫ్యాన్ లాగే గాలిలో సగం జాలీలోంచి రాకుండా పక్కల నుంచే వచ్చేస్తుంది. ఖాళీ బండికి తేడా తెలియదు, ట్రాలీతో మెల్లగా ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

3. నీళ్ల సంగతి

మన నెల్లూరు, ప్రకాశం వైపు ఎక్కువ ఇంజన్లను పాడుచేసేది ఎండ కాదు, బోరు నీళ్లు. కనిగిరి, పామూరు, దర్శి వైపు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూడండి, తెల్లగా సున్నం కట్టి ఉంటుంది. తీరం వెంబడి అయితే ఉప్పు. ఆ నీళ్లే రేడియేటర్లో పోస్తే అదే సున్నం ఇంజన్ బ్లాకు లోపల, రేడియేటర్ సన్న గొట్టాల్లో కడుతుంది. ఆ పొర వేడిని దాటనివ్వదు. "కారినప్పుడల్లా కాసిని నీళ్లు పోస్తున్నా, ఏం కాలేదు" అంటారు. ఏం కాకపోవడం ఖాళీగా తిరిగినంత కాలమే.

కూలెంట్ అంటే గ్లైకాల్, నీళ్లు, తుప్పు పట్టనివ్వని మందులు. సగం సగం కలిపింది మామూలు గాలి ఒత్తిడిలో 106 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత ఒత్తిడి పట్టి ఉంచితే 125 దాటేదాకా మరగదు. ఉత్త నీళ్లకు ఈ వెసులుబాటు తక్కువ, పైగా తుప్పు.

మార్చే విధానం:

- చల్లారిన ఇంజన్ మీదే మూత తీయండి. వేడి మీద తీస్తే మరుగుతున్న కూలెంట్ మొహాన కొడుతుంది. గోనెగుడ్డ వేసి తీస్తే ఏం కాదనే మాట నమ్మకండి. గుడ్డ తెచ్చుకోమన్నది వేడి పైపులు, మూతలు పట్టుకోవడానికే.
- కింది డ్రెయిన్ ప్లగ్గు విప్పి పాత కూలెంట్ టబ్బులోకి పట్టండి, నేల మీద వదలకండి. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, గేదెలు నాకుతాయి. అది విషం, చచ్చిపోతాయి.
- డిస్టిల్డ్ వాటర్ పోసి కాసేపు ఇంజన్ తిప్పి, చల్లారాక వదలండి. తేటగా వచ్చేదాకా ఇలాగే చేయండి.
- కొత్త కూలెంట్ మెల్లగా పోయండి. హీటర్ ఉంటే నాబ్ వేడి వైపు పెట్టండి. బండి ముందుభాగం కాస్త ఎత్తులో ఉంటే గాలి తేలిగ్గా బయటికొస్తుంది. మూత తీసి ఇంజన్ ఐడిల్‌లో నడపండి, బుడగలు ఆగాక మూత బిగించండి. కొన్ని బండ్లకు గాలి తీయడానికి వేరే స్క్రూ ఉంటుంది, పుస్తకం చూడండి.
- మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద కూలెంట్ డబ్బాలో మట్టం చూడండి. మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. తగ్గితే లోపల ఇరుక్కున్న గాలి బయటికొచ్చిందన్నమాట, నింపండి. మూడో రోజు కూడా తగ్గితే లీకు ఉన్నట్టే.

ఇక్కడ జరిగే తప్పులు. "రెడీ టు యూజ్" అని రాసి ఉన్న కూలెంట్‌లో మళ్లీ నీళ్లు కలిపేస్తారు. లేదంటే, కలపాల్సిన చిక్కటిదాన్ని చిక్కగా ఉంటే మంచిదని అలాగే పోసేస్తారు. ఉత్త గ్లైకాల్ నీళ్లంత బాగా వేడిని మోయదు, దాంతో హీటు ఇంకా పెరుగుతుంది. పచ్చది, ఎర్రది కలిపేయడం కూడా ఉంది. రంగు చూసి కొనకండి, డబ్బా మీది స్పెసిఫికేషన్ పుస్తకంతో సరిపోవాలి.

దారిలో కూలెంట్ దొరకకపోతే డిస్టిల్డ్ వాటర్. అదీ లేకపోతే ఊళ్లో ఆర్వో ప్లాంటు నీళ్లు. అవి ఇంటికి చేరడానికే, చేరాక మామూలు కూలెంట్‌కు మార్చేయాలి. ఇంజన్ ప్రాణం మీదికొచ్చి ఇంకేదీ లేకపోతే బోరు నీళ్లయినా పోయండి, తర్వాత తప్పకుండా కడిగించండి.

సున్నం పేరుకుందని తెలిస్తే కొందరు రేడియేటర్లో యాసిడ్ పోసి కడుగుతామంటారు. అల్యూమినియం రేడియేటర్‌కు ఆ పని అస్సలు చేయించకండి. సున్నంతోపాటు గొట్టం కూడా పల్చబడుతుంది. పాత రాగి, ఇత్తడి రేడియేటర్లకైతే ట్యాంకు విప్పి రాడ్డుతో శుభ్రం చేయించొచ్చు. ప్లాస్టిక్ ట్యాంకున్న కొత్తవాటికి ఆ వీలుండదు, మార్చాల్సిందే.

4. థర్మోస్టాట్ వాల్వ్ పీకేయకండి

ఇంజన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్ ఇది. "వాల్వ్ తీసేస్తే నీళ్లు ఫ్రీగా తిరుగుతాయి, హీటే ఉండదు" అనే సలహా మెకానిక్ షెడ్లలో ఇంకా వినపడుతుంది. వద్దు. చాలా ఇంజన్లలో ఈ వాల్వే తెరుచుకున్నాక బైపాస్ దారిని, అంటే రేడియేటర్‌కు పోని అడ్డదారిని మూస్తుంది. అది లేకపోతే కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు పోకుండానే చుట్టూ తిరిగి ఇంజన్లోకి వచ్చేస్తుంది. ఖాళీ బండి మరీ చల్లగా నడిచి డీజిల్ తాగుతుంది, ట్రాలీ లాగేటప్పుడు మళ్లీ హీటే. మీ బండిలో ఎవరైనా పీకేసి ఉంటే కొత్తది వేయించండి.

వాల్వ్ పనిచేస్తోందో లేదో చూడటానికి దాన్ని గిన్నెలో నీళ్లలో వేసి కాయండి. దాని మీద రాసిన డిగ్రీల దగ్గర, ఎక్కువగా 80 చిల్లర, తెరుచుకోవడం కంటికి కనిపించాలి.

5. ఫ్యాన్, బెల్టు

ఫ్యాన్‌కు విస్కస్ క్లచ్ (లోపలి చిక్కటి ఆయిల్‌తో ఫ్యాన్‌ను పట్టే హబ్బు) ఉన్న బండి అయితే, ఇంజన్ ఆఫ్ చేసి తాళం చేతిలో పెట్టుకుని, ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. కాస్త బరువుగా తిరిగి ఆగిపోవాలి. గిరగిరా తిరుగుతూనే ఉంటే లోపలి ఆయిల్ కారిపోయింది. హబ్బు చుట్టూ నూనె మరక కూడా అదే చెబుతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే ఏసీ ఆన్ చేస్తే తిరగాలి. బెల్టు పగుళ్లిచ్చినా, మెరిసే నున్నటి పొర వచ్చినా మార్చండి.

6. గేర్‌బాక్స్, హౌసింగ్

బొలెరో పికప్, యోధా లాంటి మన సరుకు బండ్లు మాన్యువల్‌వే. వీటికి గేర్‌బాక్స్ కంటే ముందు క్లచ్ కాలుతుంది. అయినా ఆయిల్ చూడాలి. చదును నేల మీద పక్కన ఉన్న ప్లగ్గు విప్పండి. ఆయిల్ ఆ రంధ్రం కింది అంచుదాకా ఉండాలి, వేలు పెడితే తగలాలి. వెనక ఇరుసు హౌసింగ్‌కూ అంతే. దీన్ని అసలు ఎవరూ చూడరు, ట్రాలీ లాగుడంతా పడేది దాని మీదే. కింది ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే, దానికి బూడిదరంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉండటం మామూలే. గోరంత ఇనుప రవ్వలు వస్తే మాత్రం లోపల పళ్లు అరుగుతున్నాయి, విప్పించాలి. ఆయిల్ మార్చే గడువు, మాన్యువల్‌లో కష్టమైన వాడకానికి వేరే రాసి ఉంటే అదే పాటించండి. ట్రాలీ లాగడం కష్టమైన వాడకమే.

ఇసుజు వీ-క్రాస్, హైలక్స్‌లలో ఆటోమేటిక్ ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఆటోమేటిక్‌లో వేడి పుట్టేది ఇంజన్ లాగుడును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్లో, అదీ లాక్ కానప్పుడు. మెల్లగా, గేర్లు మారుతూ, ఎత్తు ఎక్కుతున్నప్పుడు అది లాక్ కాదు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ 80 నుంచి 100 మధ్య ఉంటే మంచిది. 110 దాటితే తగ్గించే పని చూడాలి, 120 దాటితే ఆగాలి. స్కానర్లో ఈ అంకె కొన్ని బండ్లకే వస్తుంది. తరచుగా ట్రాలీ లాగేవాళ్లు ముందువైపు చిన్న అదనపు ఆయిల్ కూలర్ పెట్టించుకుంటే బాగా పనిచేస్తుంది. వారంటీలో ఉన్న బండికి ముందు కంపెనీని అడిగి పెట్టించండి. ఆయిల్ ఎర్రగా ఉండాల్సింది గోధుమరంగుకు మారి మాడు వాసన వస్తే మార్చే టైం దాటిపోయింది. చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు, మెకానిక్ దగ్గరే చూపించాలి.

7. ఎప్పుడు బయలుదేరాలి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ లెక్క ఉంది. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుని, ఫ్యాన్ కూడా గట్టిగా తిరుగుతున్నాక, బయట గాలి ఒక డిగ్రీ పెరిగితే కూలెంట్ కూడా సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. పొద్దున 30 డిగ్రీలప్పుడు రాపూరు ఘాట్ ఎక్కుతూ 98 చూపించిన బండి, రోహిణి కార్తె మధ్యాహ్నం 43లో అదే లోడు, అదే వేగంతో 110 దాకా పోతుందని లెక్కేసుకోండి. పొద్దున బాగా ఎక్కిందని మధ్యాహ్నం కూడా ఎక్కుతుందని అనుకోవద్దు. వేసవిలో ఘాట్ దాటే పని ఉంటే పొద్దున తొమ్మిదిలోపు దాటేయండి, లేదా సాయంత్రం దాకా ఆగండి. దోర్నాల నుంచి శ్రీశైలం వైపు వెళ్లేవాళ్లు రాత్రిళ్లు అడవిలో చెక్‌పోస్టు మూసే వేళలు కూడా ముందే కనుక్కోండి.

8. ఎత్తు ఎక్కే పద్ధతి

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా నేషనల్ హైవే చదును. అక్కడ 60, 70లో ఒకే వేగంతో పోతే సరిపోతుంది. ఎత్తుగా కట్టిన సరుకుతో 90లో పోతే గాలిని చీల్చడానికే ఇంజన్ చెమటోడుస్తుంది.

అసలు పరీక్ష ఘాట్‌లోనే. ఇక్కడ అందరూ చేసే తప్పు, పై గేర్లో పెడల్ నేలకు నొక్కి పట్టడం. "ఆర్‌పీఎం తక్కువ ఉంటే ఇంజన్‌కు శ్రమ తక్కువ" అనుకుంటారు. ఉల్టా. నీళ్ల పంపు, బెల్టు ఫ్యాన్ ఇంజన్ తిరిగే వేగానికే తిరుగుతాయి. 1300 ఆర్‌పీఎం దగ్గర గుద్దుకుంటూ ఎక్కే ఇంజన్ వేడి బాగా పుట్టిస్తుంది, గాలి, నీళ్లు మాత్రం తక్కువ తిప్పుతుంది. ఒక గేరు దించండి. 2000 నుంచి 2500 మధ్య, పెడల్ సగం నుంచి ముప్పావు దాకా నొక్కి, వేగం తగ్గించి ఎక్కండి. ఎక్కడానికి కావాల్సిన శక్తి వేగాన్ని బట్టి ఉంటుంది. 60కి బదులు 40లో ఎక్కితే ఆ శక్తిలో మూడో వంతు మిగులుతుంది.

గుర్తులు ఇవి. పెడల్ ముప్పావు దాటి నొక్కినా వేగం పడిపోతోందా, గేరు దించండి. అద్దంలో నల్లపొగ కనిపిస్తోందా, గేరు దించండి. స్టీరింగులో వణుకు తెలుస్తోందా, ఇంకా ఆలస్యం చేయకండి. ఎక్కడం మొదలుకాకముందే దించితే ఇంకా మంచిది, మధ్యలో దించితే ఊపు పోతుంది.

ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లోకి వచ్చి మూడు లేదా నాలుగో గేర్లో కట్టేయండి. డీలో వదిలేస్తే నాలుగుకూ అయిదుకూ మధ్య ఊగుతూనే ఉంటుంది, ఊగినప్పుడల్లా వేడే.

క్లచ్ మాటకొస్తే, ఎత్తు మీద ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌తో బండిని పట్టి ఉంచకండి. హ్యాండ్ బ్రేకు లాగండి, ఫస్టులో వేసి, క్లచ్ పట్టు దొరికాక బ్రేకు వదలండి. వేపుడు మాడినట్టు వాసన వస్తే అరగంట పక్కన పెట్టండి. వాసన పోయిందని వెంటనే లాగితే ప్లేటు పోతుంది. నడిచేటప్పుడు కాలు క్లచ్ పెడల్ మీద ఆనించి ఉంచే అలవాటుంటే మానుకోండి.

దిగేటప్పుడు ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగండి. న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ ఏమీ మిగలదు, బ్రేకులు మాత్రం కాలిపోతాయి.

9. అంకె పెరుగుతుంటే ఏం చేయాలి

కూలెంట్ 85–95 ఉంటే నిశ్చింత. ఎక్కేటప్పుడు 105 దాకా పర్లేదు. 105 దాటితే ఏసీ ఆపండి, వేగం, గేరు తగ్గించండి. హీటర్ ఉంటే ఫుల్లుగా పెట్టి కిటికీలు దించండి. మీరు ఉడికిపోతారు గానీ అది చిన్న రెండో రేడియేటర్‌లా పనిచేస్తుంది. 110 దగ్గర పక్కకు ఆపండి.

ఆపాక ఏం చేయాలన్నది రెండు రకాలు, ఇక్కడే గందరగోళం.

కూలెంట్ కారడం లేదు, ఆవిరి లేదు, అంకె మాత్రమే పెరిగింది. అప్పుడు ఇంజన్ ఆపకండి. న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాల కింద దిమ్మెలు పెట్టి, 1200 ఆర్‌పీఎం దగ్గర పట్టండి. పంపు, ఫ్యాన్ తిరుగుతూ చల్లారుస్తాయి. తటాలున ఆపేస్తే లోపలి వేడి అక్కడే నిలిచి ఇంకా పెరుగుతుంది, టర్బోకూ మంచిది కాదు.

ఆవిరి వస్తోంది, కింద నీళ్లు కారుతున్నాయి, బెల్టు తెగింది, లేదా ఆయిల్ లైటు వెలిగింది. అప్పుడు వెంటనే ఇంజన్ ఆపండి. తిరిగితే హెడ్డు, అంటే ఇంజన్ పైభాగం పోతుంది. స్కానర్ అంకె హఠాత్తుగా తగ్గినా సంతోషించకండి, సెన్సర్ దగ్గర కూలెంట్ లేక అలా చూపిస్తుండొచ్చు.

ఎర్రగా కాగిన ఇంజన్ మీద బకెట్టు నీళ్లు గుమ్మరించకండి. హెడ్డు పగుళ్లిస్తుంది. గంట ఆగి, పై హోసు చేత్తో పట్టుకోగలిగినప్పుడు మూత మెల్లగా తిప్పి, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి కొద్దికొద్దిగా నింపండి.

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న డీజిల్ బండ్లకు ఒక మాట. దారిలో ఫిల్టరు తనంతట తాను కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, ఘాటు వాసన వస్తుంది. అది హీట్ కాదు, కంగారు పడొద్దు. ఎండుగడ్డి మీద మాత్రం బండి ఆపకండి, సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది.

10. ఫలితం వచ్చిందా లేదా ఎలా తెలుసుకోవాలి

ఇన్ని చేశాక "ఇప్పుడు బాగుంది" అనిపించడం చాలదు. ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అదే ట్రాలీ, అదే రోడ్డు, అదే గేరు, అదే వేగం. స్కానర్లో గరిష్ఠ అంకె, బయటి టెంపరేచర్ రెండూ రాసుకోండి. గరిష్ఠ అంకెలోంచి బయటి టెంపరేచర్ తీసేయండి. రెండుసార్లూ ఫ్యాన్ గట్టిగా తిరిగేంత లోడులో చూసిందైతే, ఆ తేడా తగ్గిందంటే పని జరిగింది. బయట చల్లబడ్డ రోజున చూసి బాగైందనుకుంటే మోసపోతారు.

ఐఆర్ గన్‌తో రేడియేటర్ ముఖమంతా చూడండి. వేడి కూలెంట్ దిగే వైపు నుంచి అవతలి వైపుకు వేడి మెల్లగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒకచోట ఉన్నట్టుండి చల్లగా ఉంటే అక్కడి గొట్టాలు మూసుకుపోయాయి. పై హోసు కాలిపోతూ కింది హోసు దాదాపు చల్లగా ఉంటే రేడియేటర్ అయినా మూసుకుంది, వాల్వ్ అయినా తెరుచుకోలేదు.

హైవే మీద లాగుతుంటే టంగుటూరు, ముసునూరు టోల్‌గేట్లు దాటాక పక్కకు ఆపి ట్రాలీ హబ్బుల మీద గన్ పెట్టండి. రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒకటి ఇంకోదానికంటే బాగా వేడెక్కి ఉంటే ఆ వైపు బ్రేకో బేరింగో పట్టేస్తోంది. ట్రాలీ సంగతి మళ్లీ మొదటి నుంచి చూడండి.

ఇవన్నీ బాగున్నా హీటు తగ్గలేదంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. చల్లటి ఇంజన్ మూత తీసి స్టార్ట్ చేస్తే డబ్బాలో బుడగలు ఆగకుండా రావడం, స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై హోసు రాయిలా బిగియడం, డిప్‌స్టిక్ మీద ఆయిల్ టీలా మారడం, లీకు కనిపించకుండానే కూలెంట్ తగ్గుతుండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ట్రాలీ విప్పేసి బండిని వేరే బండి మీద ఎక్కించి మెకానిక్ దగ్గరికి చేర్చండి.